సముద్రం రఫ్‌గా ఉన్న రోజు ట్రయాథ్లాన్‌లో దిగొచ్చా?

విజయనగరం నుంచి ఒకాయన అడిగారు: "పూల్‌లో 1500 మీటర్లు 36 నిమిషాల్లో ఈదుతాను. సైకిలు, పరుగు పర్వాలేదు. అక్టోబరు చివర్లో సముద్రంలో ఈత ఉన్న ఒలింపిక్ దూరం ట్రయాథ్లాన్‌కి (1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు వరసగా) మొదటిసారి పేరిచ్చాను. అది అల్పపీడనాల కాలం. ఆ రోజు సముద్రం రఫ్‌గా ఉంటే దిగాలా మానాలా, దిగితే ఎలా ఈదాలి?"

ముందు సూటిగా చెప్తాను. కెరటాలు విరిగే చోటు దాటి లోపలికి వెళ్లి, దేన్నీ పట్టుకోకుండా అరగంట ఈది, మళ్లీ కెరటాల మధ్యలోంచి ఒడ్డుకి రావడం పోటీ నాటికి కనీసం ఆరేడుసార్లు చేసి ఉంటే దిగండి. చెయ్యకపోతే, ఆ రోజు సముద్రం బాగోలేకపోతే, దిగకండి. మీ 36 నిమిషాల టైముకి ఈ నిర్ణయంలో పెద్ద పాత్ర లేదు. 28 నిమిషాల్లో ఈదేవాళ్లు మొదటి కెరటానికే వెనక్కి వచ్చేయడం చూశాను, 45 నిమిషాలు పట్టేవాళ్లు నెమ్మదిగా ఈది నవ్వుకుంటూ బయటికి రావడమూ చూశాను.

నాది శ్రీకాకుళం. పన్నెండేళ్లుగా ఈ పోటీల్లో పాల్గొంటున్నాను. కళింగపట్నం, బారువ, అటు మీవైపు చింతపల్లి బీచ్‌లలో కొత్తవాళ్లని సముద్రానికి అలవాటు చేస్తుంటాను. కింద రాసేదంతా అక్కడ నేర్చుకున్నదే.

పూల్‌లో తల తిప్పితే గాలి దొరుకుతుంది, ఆ సంగతి మనం ఆలోచించను కూడా ఆలోచించం. సముద్రంలో తల తిప్పిన క్షణానికి అక్కడ గాలి ఉండొచ్చు, నీళ్లూ ఉండొచ్చు. ఒక గుక్క ఉప్పునీళ్లు లోపలికి పోతే దగ్గు వస్తుంది, దగ్గుతుండగానే ఇంకో అల వస్తుంది, గుండె దడదడలాడుతుంది, చేతులు గబగబా ఆడిస్తాం, దాంతో ఊపిరి ఇంకా అందదు. ఇదంతా అర నిమిషంలో జరిగిపోతుంది. ట్రయాథ్లాన్ పోటీల్లో ప్రాణాలు పోయిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈతలోనే జరిగాయి. నలభై దాటినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పోటీకి ముందు ఒకసారి గుండె పరీక్ష చేయించుకోండి, దయచేసి వాయిదా వెయ్యొద్దు.

ఇంకో విషయం. విదేశాల వీడియోల్లో అందరూ ఒంటికి అతుక్కునే నల్లటి రబ్బరు సూట్‌లో, అంటే వెట్‌సూట్‌లో కనిపిస్తారు, అది మనిషిని నీటిపైన తేలుస్తుంది. మనలాంటి మామూలు పోటీదారులకి 1500 మీటర్ల ఈతలో నీరు 22 డిగ్రీలు దాటితే ప్రపంచ ట్రయాథ్లాన్ సంస్థ నిబంధనల ప్రకారం వెట్‌సూట్ కుదరదు. మన బంగాళాఖాతం నీరు ఏడాదిలో చాలా భాగం 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. కాబట్టి తేలడానికి మన ఊపిరితిత్తులే ఆధారం. ఆ వీడియోల్లో చెప్పే సలహాలు చాలావరకు మనకి అందుకే సరిపోవు.

నా మొదటి సముద్రపు పోటీ ఈ తూర్పు తీరంలోనే జరిగింది. అప్పటికి పూల్‌లో నా టైము 31 నిమిషాలు. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, ఎండ కాస్తోంది, కెరటం మాత్రం మనిషెత్తు లేస్తోంది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. రెండు రోజుల ముందు ఎక్కడో అండమాన్ వైపు ఏర్పడిన వాయుగుండం తాలూకు అలలు అవి, దూరం నుంచి ప్రయాణం చేసి ఇక్కడికి వచ్చి విరుగుతున్నాయి. మన ఊళ్లో వాన చుక్క లేకపోయినా సముద్రం రఫ్‌గా ఉండొచ్చని ఆ రోజు తెలిసింది. 51 నిమిషాలకి బయటికొచ్చాను. సైకిలెక్కిన ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఆగి, తాగిన ఉప్పునీళ్లన్నీ కక్కాను. పోటీ పూర్తి చేశాను గానీ, ఆ 51 నిమిషాల్లో దాదాపు ఇరవై నిమిషాలు నేను ప్రవాహానికి ఎదురీదాననే సంగతి కూడా నాకు తెలీలేదు.

కెరటం కన్నా పక్కకి లాగే ప్రవాహం గురించి ముందు ఆలోచించండి. కెరటం కంటికి కనిపిస్తుంది, ఇది కనిపించదు. మన తీరం వెంబడి నైరుతి కాలంలో ఒడ్డు పక్క నీరు ఎక్కువగా ఉత్తరానికి, అంటే ఒడిశా వైపు లాగుతుంది. అక్టోబరు తర్వాత ఈశాన్య గాలులు మొదలయ్యాక దక్షిణానికి తిరుగుతుంది. మీ పోటీ సరిగ్గా ఆ మార్పు సమయంలో ఉంది కాబట్టి ఏ వైపు లాగుతుందో ఆ ఉదయమే చూసుకోవాలి. ఒక కొబ్బరి డొక్కని కెరటాలకి అవతల పడేలా విసరండి, లేదా తేలుతున్న చెత్త ఏదైనా గుర్తుపెట్టుకుని ఒడ్డున దానితోపాటు నడవండి. నిమిషంలో ఎంత దూరం పోయిందో చూడండి.

నిమిషానికి 20 మీటర్లు పోయిందనుకుందాం. మీ ఈత వేగం నిమిషానికి సుమారు 42 మీటర్లు. అంటే ఎదురీదేటప్పుడు మీకు మిగిలేది 22 మీటర్లే. ఒడ్డుకి సమాంతరంగా 500 మీటర్లు ఎదురు వెళ్లి 500 మీటర్లు వాలుకి రావాలంటే, వెళ్లడానికి దాదాపు 23 నిమిషాలు, రావడానికి 8 నిమిషాలు, మొత్తం 31. నిలకడ నీటిలో అదే దూరం మీకు 24 నిమిషాలే. వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు వస్తుందని చాలామంది అనుకుంటారు, అలా రాదు. ఈతకి గడువు ఎన్ని నిమిషాలు పెట్టారో చూసుకుని ఈ లెక్క ముందే వేసుకోండి, నీళ్లలో ఉండగా టెన్షన్ పడే పని తప్పుతుంది.

ముందు రోజుల్లో ఏం చూడాలంటే: హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ అలల ఎత్తు, అలల వ్యవధి రెండూ ముందుగా ఇస్తుంది. ఎత్తు ఒక్కటే చూసి వదిలెయ్యకండి. 1.2 మీటర్ల అల ఆరేడు సెకన్లకొకటి వస్తుంటే అది గాలికి లేచిన అల, చికాకుగా ఉంటుంది గానీ దాటొచ్చు. అదే 1.2 మీటర్లు 12, 13 సెకన్లకొకటి వస్తోందంటే దూరం నుంచి వచ్చిన బరువైన అల, ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి బాగా పైకి లేచి విరుగుతుంది. ఇంకో సంగతి, వాళ్లు ఇచ్చే ఎత్తు మొత్తం అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు తీసుకుని వేసిన సగటు. 1.5 మీటర్లు అన్నారంటే మధ్యలో ఒకటీ అరా మూడు మీటర్ల దాకా రావొచ్చు.

వాతావరణ శాఖ సూచనతో కళింగపట్నం, భీమిలి రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పేపర్లో వస్తే ఇక ఆలోచించేది ఏమీ లేదు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు చివర్లో కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. మన జిల్లాల్లో ఈ నెలల గురించి ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

వర్షం గురించి ఒక స్థానిక జాగ్రత్త ఉంది. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లోంచి వస్తాయి. మనకి ఇక్కడ ఎండ ఉన్నా పైన వాన పడితే వరద వస్తుంది. వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారని విన్నాక రెండు మూడు రోజులు కళింగపట్నం దగ్గర నేను ఎవరినీ దింపను. నీళ్లు ఎర్రగా ఉంటాయి, దుంగలు, చెట్ల కొమ్మలు కొట్టుకొస్తాయి, నది సముద్రంలో కలిసే చోట ప్రవాహం నేరుగా లోపలికి తోస్తుంది. పోటీ మార్గం నది ముఖానికి దగ్గరగా ఉంటే నిర్వాహకులని ఈ విషయం తప్పక అడగండి.

పోటీ రోజు ఉదయం ఇరవై నిమిషాలు ఊరికే ఒడ్డున నిలబడండి. కెరటాలు గుంపులుగా వస్తాయి. ఐదారు పెద్దవి వచ్చాక కాసేపు చిన్నవి వస్తాయి. ఆ విరామం ఎంతసేపు ఉంటోందో లెక్కపెట్టండి, మీరు లోపలికి వెళ్లే సమయం అదే. రెండు పక్కలా కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా కనిపించొచ్చు, కొత్తవాళ్లు దాన్నే మంచి చోటు అనుకుంటారు. ఇసుక కలిసిన నీళ్లు, నురగ అక్కడినుంచి లోపలికి పోతుంటే అది రిప్ కరెంట్. దాంట్లో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, కెరటాలు విరుగుతున్న చోటికి వచ్చాక అప్పుడు ఒడ్డుకి తిరగండి.

వీలైతే అక్కడి మత్స్యకారులతో రెండు నిమిషాలు మాట్లాడండి. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఏ వైపు లాగుతోంది, ఈ మూడూ అడగండి. కళింగపట్నంలో నేను మామా అని పిలిచే ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకసారి నేను దిగబోతుంటే, "ఏటి బాబూ, ఈయేళ వద్దు, నీరు అడుగునుంచి లాగేస్తంది" అన్నాడు. నాకు పైకి ఏమీ కనపడలేదు. ఆయన మాట విని ఆగాను. గంట తర్వాత ఆయనే చూపించాడు, ఇసుక తిన్నె ఒకచోట తెగి నీళ్లన్నీ అటే దారి తీసుకుని పోతున్నాయి. అప్పటినుంచి ఆయనని అడగకుండా దిగలేదు.

ఇప్పుడు దిగడం. తొడల లోతు వరకు మోకాళ్లు పైకెత్తి పరిగెత్తండి. నడుము లోతులో విరిగే కెరటం ఎదురైతే ఎగిరి దాటాలని చూడకండి, వీపు తిప్పకండి, రెండూ ప్రమాదమే. చేతులు ముందుకి చాచి దాని అడుగుకి మునగండి, అడుగున ఇసుకని వేళ్లతో పట్టుకోండి, కెరటం వీపు మీదుగా పోయిందని తెలిశాక కాళ్లతో నేలని తన్ని పైకి రండి, ఊపిరి తీసుకోండి, తర్వాతి దానికి సిద్ధమవ్వండి. చేతులు ఎప్పుడూ తలకన్నా ముందు ఉండాలి. ఇసుక తిన్నె ఎక్కడ ఎత్తుగా ఉందో తెలీదు, తల ముందు పెట్టి దూకి మెడ విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు. గాగుల్స్ తాడు మీద ఇంకో టోపీ పెట్టుకోండి, కెరటం కొట్టినా ఊడిపోవు.

మొదలయ్యేటప్పుడు గుంపు మధ్యలో నిలబడకండి. వెనక, ప్రవాహం వచ్చే వైపు నిలబడండి. అందరూ వెళ్లాక పదిహేను సెకన్లు ఆగి బయలుదేరితే పోయేది పదిహేను సెకన్లే. మొదటి బోయాకి (దారికి గుర్తుగా నీళ్లలో తేలే బుడ్డి) గురిపెట్టేటప్పుడు ప్రవాహానికి ఎగువగా గురిపెట్టండి. ఎగువకి పోతే నీరే మిమ్మల్ని బోయా దగ్గరికి తెస్తుంది, దిగువకి జారితే మళ్లీ ఎదురీదాలి, అక్కడే జనం అలిసిపోతారు.

లోపల ఈతలో పూల్‌లో నేర్చిన పొడవాటి చేతి విసురు పనికిరాదు. చెయ్యి కొంచెం ఎత్తుగా తియ్యండి, లేకపోతే ప్రతి అలకీ తగులుతుంది. విసురు కాస్త పొట్టిగా, కాస్త వేగంగా ఉండాలి, జారుతూ ఆగే సమయం ఉండకూడదు. ఊపిరి నీళ్లలో ఉండగానే పూర్తిగా వదిలెయ్యండి, తల తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే మిగలాలి. రెండు వైపులా ఊపిరి తీసుకోవడం రావాలి, ఇది తప్పనిసరి. అల కుడినుంచి కొడుతుంటే ఎడమకే తిప్పాలి, ఒక్క వైపే వచ్చినవాళ్లకి ఆ రోజు చాలా కష్టం. దారి చూసుకోవడానికి అల శిఖరం మీద ఉన్నప్పుడే తలెత్తండి, పల్లంలో ఉండగా ఎత్తితే నీళ్ల గోడ తప్ప ఏమీ కనపడదు. ఒడ్డుకి తిరిగి వచ్చేటప్పుడు బోయా కోసం వెతక్కండి, పొడవైనది ఏదైనా ముందే గుర్తుపెట్టుకోండి. కళింగపట్నంలో అయితే మేం లైట్‌హౌస్‌ని చూసుకుంటాం.

భయం వేస్తే? వేస్తుంది, నాకూ ఇప్పటికీ వేస్తుంది. వెల్లకిలా తిరిగి తేలండి, ఇరవై ఊపిరులు లెక్కపెట్టండి. ఉప్పునీళ్లలో మనిషి పూల్‌లో కన్నా తేలిగ్గా తేలతాడు, శరీరాన్ని నమ్మండి. తర్వాత కాసేపు బ్రెస్ట్ స్ట్రోక్ వెయ్యండి. అప్పటికీ కుదరకపోతే చెయ్యెత్తి పిలవండి. పడవనో కయాక్‌నో పట్టుకుని విశ్రాంతి తీసుకోవడం నిబంధనలకి విరుద్ధం కాదు, దాని సాయంతో ముందుకి పోకూడదు, అంతే. ఇది తెలీక, అనర్హులమైపోతామని భయపడి పడవ పక్కనుంచే మునుగుతూ తేలుతూ పోయినవాళ్లని చూశాను, మనసు చివుక్కుమంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు గెలిచేశాం అనే తొందర ఉంటుంది, దెబ్బలు ఎక్కువ అక్కడే తగులుతాయి. కెరటాలు విరిగే చోటికి కొంచెం ముందు ఆగి వెనక్కి చూడండి. పెద్ద గుంపు వస్తుంటే పోనివ్వండి. దాని వెనకే ఈదండి, ప్రతి మూడు నాలుగు విసుర్లకీ ఒకసారి వెనక్కి చూస్తూ. చెయ్యి ఇసుకకి తగిలేదాకా లేవకండి. పోటు మీద ఉన్నప్పుడు మన తీరంలో చాలా చోట్ల అల నేరుగా ఒడ్డు మీదే కూలుతుంది. మోకాళ్ల లోతులో నిలబడ్డ మనిషిని కూడా పడేసి, వెనక్కి లాగేస్తుంది.

ఉరుము వినిపిస్తే మాత్రం పైవేవీ వర్తించవు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉందని లెక్క. నీళ్లలోంచి బయటికి రావాలి, చివరి ఉరుము విన్నాక అరగంట దాకా దిగకూడదు.

సైకిల్ దగ్గర చాలామంది ఇక గండం గడిచిందనుకుంటారు. మొదటి పది పదిహేను నిమిషాలు శక్తి కోసం తినే తీపి జెల్ తినకండి, మామూలు నీళ్లు కొద్దికొద్దిగా తాగండి. కడుపులో అప్పటికే ఉప్పునీళ్లు ఉంటాయి, దాని మీద తీపి పడితే నాకు ఎనిమిదో కిలోమీటరులో జరిగిందే మీకూ జరుగుతుంది. గాలి ఉన్న రోజు ముందు చక్రానికి లోతైన రిమ్ వద్దు. మన తీరం రోడ్ల మీద సరుగుడు తోట పక్కన పోతున్నంతసేపు గాలి తెలీదు, తోట అయిపోగానే ఒక్కసారి పక్కనుంచి కొడుతుంది. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం రోడ్డులో నేను అలాగే ఒకసారి రోడ్డు మధ్యకి వెళ్లిపోయాను, అదృష్టం కొద్దీ ఎదురుగా బండి లేదు. తోట చివర వస్తోందంటే ముందుకి చాచి పెట్టుకున్న చేతులు హ్యాండిల్ బార్ మీదకి తెచ్చేసుకోండి. వాన పడితే టైర్లలో గాలి పది పీఎస్ఐ తగ్గించండి, తెల్ల గీతల మీద బ్రేకు వెయ్యకండి. మొదటి జల్లుకి దుమ్ము, నూనె కలిసి రోడ్డు బాగా జారుతుంది, గంట వాన పడ్డాక దానికన్నా నయం.

పరుగు గురించి పెద్దగా చెప్పేది లేదు. కాళ్లకి ఇసుక లేకుండా కడుక్కోవడానికి ఒక సీసా నీళ్లు, చంకలకీ మెడకీ ముందే రాసుకున్న వాజ్‌లీన్ ఉంటే సగం బాధ తప్పుతుంది.

ఇక దిగకపోవడం గురించి. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఏ పరిస్థితిలో దిగకూడదో ముందు రోజు సాయంత్రమే కాగితం మీద రాసుకోండి. ఒడ్డున మ్యూజిక్, జనం, నంబరు రాసిన చెయ్యి, కట్టిన ఫీజు, ఇవన్నీ ఉన్నప్పుడు మనిషి సరిగ్గా ఆలోచించలేడు. మొదటిసారి దిగేవాళ్లకి నేను రాసిచ్చేది ఇది: అంచనాలో అల 1.5 మీటర్లు దాటితే వద్దు, 1.2 మీటర్లే అయినా వ్యవధి 12 సెకన్లు దాటితే వద్దు, వార్మప్‌లో కెరటాల గీత రెండుసార్లు దాటి రాలేకపోతే వద్దు. వారం లోపల జ్వరం గానీ దగ్గు గానీ వచ్చి ఉంటే, సముద్రం చెరువులా ఉన్నా వద్దు.

రక్షణ పడవలు కూడా లెక్కపెట్టండి. ఒక పోటీలో దాదాపు రెండు వందల మంది దిగుతుంటే రెండే పడవలు కనిపించాయి, వాటిలో ఒకటి ఇంజిను స్టార్ట్ అవ్వక ఒడ్డునే ఉంది. వెళ్లి చెప్పాను, వస్తాయి అన్నారు, రాలేదు. నేను దిగలేదు. నేను తయారుచేసిన ముగ్గురికీ వద్దన్నాను, ఇద్దరు ఆగారు. మూడో అబ్బాయి దిగాడు, క్షేమంగానే వచ్చాడు. మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తినా ఎవరూ రాలేదని ఆ రాత్రి బస్సులో చెప్పాడు. చెప్తూ ఏడ్చాడు. నిర్వాహకులు ఈత దూరం తగ్గించినా, ఈత తీసేసి పరుగు, సైకిలు, పరుగుగా మార్చినా దయచేసి వాళ్లని తిట్టకండి. అలా మార్చే నిర్వాహకులు నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తారు.

మీకు ఇంకా సమయం ఉంది. మొదటి రోజు ఈతే వద్దు, కెరటాల్లోకి వెళ్లి రావడం ఒక్కటే పదిసార్లు చెయ్యండి. రెండో వారం నుంచి గీత దాటి పది నిమిషాలు, ఆ తర్వాత పెంచుకుంటూ పోండి. పొద్దున్నే దిగండి, పది దాటితే సముద్రపు గాలి లేచి నీళ్లు కలగాపులగంగా ఉంటాయి. నడుముకి నారింజ రంగు గాలి బుడ్డి కట్టుకోండి. ఒంటరిగా ఒక్కసారి కూడా దిగకండి. తెప్ప ఉన్న మత్స్యకారుడిని తోడు రమ్మని అడగండి, ఆయన ఉదయపు వేట మానుకుని వస్తాడు కాబట్టి దానికి తగ్గ డబ్బు ఇవ్వండి.

ఆదివారాలు ఐదున్నరకి మేం కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ఉంటాం. మీకు చింతపల్లి దగ్గరైతే అక్కడికే వస్తాను, చెప్పండి. మొదటిసారికి సైకిలు తేవద్దు, రెండు టోపీలు, గాగుల్స్, ఒక తువ్వాలు చాలు. పోటీకి నాలుగు రోజుల ముందు అంచనాలో అల ఎత్తు ఎంత, వ్యవధి ఎంత అని రెండూ ఇక్కడ రాయండి, చూసి నా అభిప్రాయం చెప్తాను.